గ్రహణం చెప్పినవాళ్లు చెప్పిందల్లా నిజమవుతుందా?

1868 ఆగస్టు 18 ఉదయం చంద్రుడి నీడ పడమటి తీరం మీదుగా దేశంలోకి వచ్చి, దక్కన్ పీఠభూమి దాటి, బందరు దగ్గర సముద్రంలోకి వెళ్లిపోయింది. ఆ దారిలో వనపర్తి ఉంది, గుంటూరు ఉంది. ఆ రెండూళ్లనూ కలుపుతూ పటం మీద గీత గీస్తే పల్నాటి మాచర్ల ఆ గీతకు కాస్త ఉత్తరంగా కనిపిస్తుంది. నీడ వెడల్పు రెండొందల కిలోమీటర్లకు పైమాటే కాబట్టి పల్నాడంతా దాని కిందికే వచ్చింది. పొద్దెక్కే వేళ ఐదు నిమిషాలకు పైగా చీకటి కమ్మింది. ఈ కాసేపటి చీకటి కోసం ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ ఓడెక్కి గుంటూరు వచ్చారు. బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరైన జేమ్స్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే మకాం వేసింది. మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పోగ్సన్ బందరులో, అదే నక్షత్రశాల ఉద్యోగి చింతామణి రఘునాథాచారి వనపర్తిలో దుర్భిణీలు నిలబెట్టారు. మబ్బు పడితే శ్రమంతా వృథా అయ్యేది. అసలు గ్రహణమే పట్టకపోవడమన్నది మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు. చెప్పిన రోజున, చెప్పిన చోట, చెప్పిన వేళకు అది పట్టింది.

ఇంత ముందుగా, ఇంత కచ్చితంగా చెప్పిన మాట నిజమైనప్పుడు, చెప్పినవాళ్ల మీద నమ్మకం కుదరడం సహజం. అయితే ఆ నమ్మకం ఎంతవరకు పోవచ్చు? ముందుగా చెప్పింది జరిగితే అది దేనికి సాక్ష్యమవుతుంది? ఆ మాట వెనకున్న సిద్ధాంతమంతా నిజమని రుజువైనట్టేనా, లేక అందులో ఏదో ఒక ముక్కేనా? శాస్త్రాన్ని గురించి ఆలోచించే తత్వవేత్తలు దాదాపు రెండు శతాబ్దాలుగా తర్జనభర్జన పడుతున్న ప్రశ్న ఇది. మనకిది పుస్తకాల్లో ప్రశ్న మాత్రమే కాదు. ఉగాదినాడు గుళ్లో పంచాంగం విని, ఆ తర్వాత కొద్ది రోజులకే వాతావరణ శాఖ రుతుపవనాల అంచనా చదివి, ఆ పైన విత్తనాలు కొనే రైతు ఏటా ఎదుర్కొనే ప్రశ్న కూడా. నా సమాధానం ఇది: నిజమైన జోస్యం సిద్ధాంతం మొత్తానికి సాక్ష్యం కాదు. ఆ జోస్యం పుట్టడానికి పనికొచ్చిన భాగానికి మాత్రమే సాక్ష్యం. అది కూడా, జోస్యం తప్పిపోయే అవకాశం నిజంగా ఉన్నప్పుడే.

ముందు గ్రహణం సంగతే చూద్దాం. యూరప్‌లో వేసిన లెక్క న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రం మీద నిలిచింది. సూర్యసిద్ధాంతం పట్టుకుని గుణించే మన సిద్ధాంతుల లెక్కలో భూమి నడుమ ఉంటుంది, సూర్యచంద్రులు దాని చుట్టూ తిరుగుతారు. అయినా ఆ లెక్కతోనూ గ్రహణం చెప్పవచ్చు. ఇంకా వెనక్కి పోతే, ప్రాచీన బాబిలోనియా వాళ్లు చంద్రుడు గుండ్రటి రాతిముద్ద అన్న సంగతి తెలియకుండానే, పద్దెనిమిదేళ్ల పదకొండు రోజులకొకసారి గ్రహణాలు అదే వరసలో తిరిగి వస్తాయని పాత రికార్డులు చూసి పసిగట్టారు. మూడు దారులు, మూడింటి వెనకా మూడు వేర్వేరు విశ్వాలు. గ్రహణం పట్టింది కాబట్టి మూడూ నిజమని అనలేం, ఎందుకంటే అవి ఒకదానితో ఒకటి పొసగవు. గ్రహణం రుజువు చేసేది మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్నదాన్ని: సూర్యుడి దారినీ చంద్రుడి దారినీ, ఆ రెండు దారులూ ఖండించుకునే బిందువుల కదలికనూ మూడూ చాలావరకు సరిగ్గానే పట్టుకున్నాయని. ఆ బిందువులకే మన పంచాంగం రాహువు, కేతువు అని పేర్లు పెట్టింది. పాము సూర్యుణ్ణి మింగడమన్నది పురాణంలో ఉంది కానీ గుణింపులో లేదు. 499 నాటి ఆర్యభటీయమే గ్రహణాలకు కారణం నీడలని చెప్పింది.

సిద్ధాంతాలు ఎక్కడ విడిపోతాయో అక్కడే జోస్యానికి పదును వస్తుంది. పాత గుణింపుకూ ఆకాశంలో కనిపించేదానికీ నిమిషాల్లో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా తేడా వచ్చేది. స్పర్శ ఎప్పుడు, మధ్యకాలం ఎప్పుడు, మోక్షం ఎప్పుడు అన్నచోట ఆ తేడా బయటపడుతుంది. రఘునాథాచారి పట్టుకున్నది సరిగ్గా ఈ కీలకాన్నే. పగలు పంచాంగం చదివే సంప్రదాయంలో పుట్టి, రాత్రి దుర్భిణీ దగ్గర కూర్చున్న ఆయన, కంటికి కనిపించేదానితో సరిపోయే దృగ్గణితం ప్రకారమే పంచాంగాలు కట్టాలని వాదించారు. స్వయంగా అలాంటి పంచాంగం వెలువరించారు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతున్నప్పుడు ఆ సంగతిని వివరిస్తూ మన భాషల్లో పుస్తకం రాశారు. సంప్రదాయాన్ని తోసెయ్యకుండానే, అందులో పరీక్షకు నిలిచేదేదో నిలవనిదేదో వేరు చెయ్యవచ్చని ఆయన చేసి చూపించారు. మన తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఇంకా పెద్ద అక్షరాలతో ఉండాల్సింది.

ఇప్పుడు పంచాంగం తెరిచి చూడండి. ఒకవైపు తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం. ఇవన్నీ సూర్యచంద్రుల స్థానాల లెక్కలు; తప్పో ఒప్పో కొలిచి తేల్చవచ్చు. మరోవైపు ఆదాయ వ్యయాలు, రాజపూజ్యం, అవమానం, ఈ ఏటి రాజు ఎవరు, మంత్రి ఎవరు, సస్యాధిపతి ఎవరు, వాన ఎన్ని కుంచాలు, అందులో ఎన్ని భాగాలు సముద్రంలో, ఎన్ని పర్వతాల మీద, ఎన్ని నేల మీద అన్నది. రెండూ ఒకే అట్టల మధ్య ఉంటాయి, ఒకే గొంతు చదువుతుంది. మొదటి సగం నిక్కచ్చిగా నిజం కావడంతో ఆ పరపతి రెండో సగానికీ పాకుతుంది. పాకకూడదని నా వాదన. గ్రహణం గుణించేటప్పుడు సిద్ధాంతి వాడిన లెక్కల్లో ఆదాయ వ్యయాలు ఎక్కడా అక్కరకు రాలేదు. అక్కరకు రానిదానికి ఆ గెలుపులో వాటా ఉండదు.

ఈ రెండు సగాలూ విడిపోయి కళ్లెదుట నిలిచిన సందర్భం 1962 ఫిబ్రవరిలో వచ్చింది. సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, కేతువు మకరరాశిలో చేరే అష్టగ్రహ కూటమి అది. ఆ కూటమి చెప్పిన రోజులకే ఏర్పడింది. 5వ తేదీన పసిఫిక్ ప్రాంతంలో సంపూర్ణ సూర్యగ్రహణం కూడా పట్టింది. దాంతోపాటు ప్రళయం వస్తుందని, లోకానికి పెను ముప్పు తప్పదని దేశమంతటా చెప్పారు. యజ్ఞాలు చేశారు, ఎందరో ప్రయాణాలు మానుకున్నారు. ప్రళయం రాలేదు. గ్రహాల లెక్క నెగ్గింది, ఫలం ఓడింది. ఇది వినగానే వచ్చే జవాబు మనందరికీ తెలిసిందే: యజ్ఞాలు చేశాం కాబట్టే ముప్పు తప్పింది. ఈ జవాబుతో ఫలభాగం ఓటమి తప్పించుకోవచ్చు గానీ, అందుకు పెద్ద మూల్యమే చెల్లించాలి. ప్రళయం వస్తే మాట నిజం, రాకపోతే శాంతి ఫలించింది. ఏం జరిగినా నెగ్గే మాటకు జరిగినదేదీ సాక్ష్యం కాలేదు. ఆస్ట్రియాలో పుట్టిన తత్వవేత్త కార్ల్ పాపర్ 20వ శతాబ్దంలో గట్టిగా చెప్పింది ఇదే. ఏ ఫలితం వస్తే తాను తప్పవుతుందో ముందే చెప్పని సిద్ధాంతం, ఎన్ని ఫలితాలు చూపించినా ఏమీ సంపాదించుకోదు.

ఇక్కడ ఒక పక్కమాట చెప్పుకోవాలి. పంచాంగంలో కార్తెలు కూడా ఉన్నాయి. మృగశిర, ఆరుద్ర అని రైతు లెక్కపెట్టుకునే కార్తెలు ఫలభాగానికి చెందినవి కావు. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడో చెప్పే కొలతలు అవి. జూన్ మొదటి వారం దాటాక మృగశిర, మూడో వారం దాటాక ఆరుద్ర వస్తాయి. సూర్యుడి స్థానానికీ రుతువుకీ సంబంధం ఉంది కాబట్టి కార్తె చూసి పత్తి గింజ పెట్టడంలో నిజమైన అనుభవజ్ఞానం ఉంది. భూమి ఇరుసు మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల లెక్కకూ రుతువులకూ మధ్య డెబ్బై ఏళ్లకు సుమారు ఒక రోజు చొప్పున తేడా పేరుకుంటోంది. ఉత్తరాయణం డిసెంబరు 21, 22 తేదీల్లో మొదలవుతుంటే మకర సంక్రాంతి జనవరి 14కు జరగడం అందుకే. కాబట్టి కార్తెల సామెతలకు కూడా శతాబ్దాల మీద సవరణ కావాలి. అది వేరే సంగతి. పంచాంగాన్ని గుత్తగా నమ్మడం గానీ, గుత్తగా కొట్టెయ్యడం గానీ సరికాదన్నదే ఇక్కడి మాట.

ఫలాలు కూడా నిజమవుతున్నాయి కదా అంటారు కొందరు. అవుతాయి. ఎన్ని కాకుండా పోయాయో, చెప్పకపోయినా ఎన్ని జరిగేవో లెక్క చూడాలి. 1868 గ్రహణాన్నే తీసుకోండి. సయాం రాజు మోంకుట్‌కు ఖగోళ గణితమంటే ప్రాణం. ఆ గ్రహణాన్ని ఆయన స్వయంగా గుణించి, విదేశీ అతిథులను పిలిచి, సముద్రతీరంలో శిబిరం వేసి చూపించారు. లెక్క సరిపోయింది. ఆ శిబిరంలో సోకిన మలేరియాతో అక్టోబరు 1న కన్నుమూశారు. గ్రహణం రాజులకు కీడు అని నమ్మేవారికి ఇంతకంటే గొప్ప నిదర్శనం దొరకదు. అయితే అదే నీడ కింద ఆ రోజు నిలబడ్డ మిగతా లక్షల మంది మాటేమిటి? గ్రహణం లేని ఏళ్లలో చనిపోయిన రాజుల మాటేమిటి? ఒక్క సరిపోలికను ఏరి చూపిస్తే కథ అవుతుంది. సరిపోలనివాటిని కూడా కలిపి లెక్కిస్తేనే సాక్ష్యమవుతుంది. అలా లెక్కించిన పరీక్ష ఒకటి మన దేశంలోనే జరిగింది. 2008లో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం పుణెలో 200 మంది పిల్లల జాతకాలు సేకరించింది; సగం మంది చదువులో చురుకైనవారు, సగం మంది మానసిక ఎదుగుదల లోపించినవారు. ఎవరిది ఏదో చెప్పకుండా ఒక్కో జ్యోతిష్కుడికి 40 జాతకాలిచ్చి వేరు చెయ్యమన్నారు. 27 మంది సమాధానాలు పంపారు. సగటున సరిపోయినవి 46 శాతం. ఏమీ చూడకుండా అడ్డదిడ్డంగా చెప్పినా 50 దగ్గర వస్తుంది.

బోరు వెయ్యబోయే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకునో, పంగల కర్ర పట్టుకునో నీటి జాడ చెప్పేవారిదీ ఇదే లెక్క. వారు చూపిన చోట నీళ్లు పడ్డాయంటే అది నిజంగా జరిగిన విషయమే, కాదనక్కర్లేదు. చూపని చోట వేసినా పడేవా అన్నది అడగాలి. కింద నీరు విస్తారంగా ఉన్న నేలలో ఎవరు ఎక్కడ చూపినా పడతాయి; అక్కడి గెలుపు కొబ్బరికాయకు చెందదు. పక్కపక్కనే కొన్ని బోర్లు ఎండిపోయి కొన్ని పొంగే చోట, చూపినవీ చూపనివీ రెండూ తవ్వి చూస్తే అప్పుడు తేలుతుంది. అంత ఖర్చు ఒక్క రైతు పెట్టుకోలేడు, అందుకే ఆ నమ్మకం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఏదైనా వింత జరగ్గానే బ్రహ్మంగారు ముందే చెప్పారని వినిపించే మాట దీనికి ఇంకో రూపం. పోతులూరి వీరబ్రహ్మంగారు కులభేదాల మీద, దంభం మీద ఎత్తిన గొంతుకు ఉన్న విలువ ఎవరూ తగ్గించలేరు. అయితే కాలజ్ఞానంలోని మాట ఏ సంఘటనను ఉద్దేశించిందో ఆ సంఘటన జరిగాకే మనకు తెలుస్తోందంటే, అక్కడ జోస్యం చెప్పింది పద్యం కాదు, దాన్ని తర్వాత అన్వయించిన మన తెలివి. జరగక ముందు తేదీ, చోటు రాసిపెట్టిన అన్వయం ఒక్కటి చూపగలిగితే దాన్ని పరీక్షకు తీసుకోవచ్చు.

ఇప్పటిదాకా చెప్పినదాన్ని శాస్త్రం వైపు కూడా తిప్పి చూడాలి, లేకపోతే అన్యాయం. శాస్త్రవేత్తలు కూడా జరిగినదాన్ని తర్వాత వివరిస్తారు కదా, వారికి ఆ హక్కు ఎక్కడిది? ఈ ప్రశ్న మీద 19వ శతాబ్దపు ఇంగ్లండులో విలియం హ్యూవెల్‌కూ, జాన్ స్టువర్ట్ మిల్‌కూ గట్టి వాదమే జరిగింది. ముందుగా చెప్పి నెగ్గిన సిద్ధాంతానికి ప్రత్యేకమైన బలం ఉంటుందని హ్యూవెల్ అన్నారు. సాక్ష్యం సాక్ష్యమే, అది సిద్ధాంతానికి ముందు దొరికిందా తర్వాత దొరికిందా అన్నదానితో పనేమిటని మిల్ పక్షం. చరిత్ర ఇద్దరికీ చెరికొంత మద్దతిస్తుంది. 1919 మే 29 గ్రహణంలో నక్షత్రాల వెలుగు సూర్యుడి పక్కన ఐన్‌స్టీన్ ముందే చెప్పినంత, అంటే న్యూటన్ లెక్కతో వచ్చేదానికి దాదాపు రెట్టింపు వంగిందని బ్రెజిల్‌లోని సోబ్రల్ నుంచీ, ఆఫ్రికా తీరాన ప్రిన్సిపె దీవి నుంచీ తీసిన ఫొటోలు చూపాయి. రెండు సిద్ధాంతాలు విడిపోయే చోట వేసిన పందెం అది, తప్పితే పరువు పోయేది. కానీ బుధగ్రహం కక్ష్య అదనంగా జరుగుతోందన్నది 1859లో ల వెరియే బయటపెట్టిన పాత సంగతి; అది శతాబ్దానికి 43 కోణ సెకన్లని తర్వాతి కొలతలు తేల్చాయి. ఐన్‌స్టీన్ 1915లో దాన్ని వివరించారు, ముందుగా చెప్పలేదు. అయినా దాని బరువు 1919 ఫొటోల బరువుకు తీసిపోదు. ఎందుకంటే ఆ 43 సెకన్లు రావాలని ఆయన సిద్ధాంతంలో ఏ మరనూ బిగించలేదు. వేరే కారణాలతో కట్టిన సిద్ధాంతంలోంచి ఆ అంకె దానంతటదే ఊడిపడింది.

అందుకే ముందా తర్వాతా అన్న కాలక్రమం కాదు ముఖ్యం, ఆ ఫలితాన్ని చూసి సిద్ధాంతాన్ని సవరించారా లేదా అన్నది. కొలతలు తీసుకుని కుట్టిన చొక్కా ఆ ఒంటికి సరిపోవడంలో వింత లేదు. కొలత తీసుకోని ఒంటికి అచ్చంగా అతికినప్పుడే ఆలోచించాలి. మరి కాలక్రమం ముఖ్యం కానప్పుడు ముందే చెప్పమని పట్టుబట్టడం దేనికి? సిద్ధాంతం తయారైన చోట ఎవరు ఏ అంకెను ఎందుకు సర్దారో బయటివారికి కనిపించదు గనక. చాలాసార్లు సర్దినవారికే తెలియదు. ఇంకా జరగనిదాన్ని చూసి సర్దడం మాత్రం ఎవరి తరమూ కాదు. తేదీ వేసి ముందే చెప్పిన మాట ఆ హామీ ఇస్తుంది.

ఈ హామీ ఎంత అవసరమో మన రైతాంగానికి 2002లో తెలిసొచ్చింది. 1988 నుంచి వాతావరణ శాఖ వసంత్ గోవారీకర్ బృందం రూపొందించిన 16 అంశాల నమూనాతో నైరుతి రుతుపవనాలను అంచనా వేసేది. హిమాలయాల మంచు, పసిఫిక్ సముద్రపు వేడి, ఇంకా గాలులు, పీడనాలు ఇలా పదహారు. గడిచిన ఏళ్ల వానలతో వీటిని సరిపోల్చి గుణకాలు బిగించారు. గతంతో అది చక్కగా అతికింది. ఆ తర్వాత చాలా ఏళ్లు వానలు సాధారణంగానే ఉండడంతో నమ్మకం కూడా గట్టిపడింది. 2002లో కూడా సాధారణ వర్షపాతమే అంది. జులైలో దేశం మొత్తం మీద కురవాల్సినదాంట్లో సుమారు సగమే కురిసింది. సీజన్ ముగిసేసరికి లోటు 19 శాతం, ఆంధ్రప్రదేశ్ కరువులో చిక్కుకుంది. పొలం దుక్కి దున్ని, విత్తనాలు, ఎరువులు అప్పు తెచ్చి కొని, పై నుంచి వాన గానీ సాగర్ కుడి కాలువ నుంచి నీళ్లు గానీ వస్తాయని చూసే రైతుకు 19 శాతమన్నది కాగితం మీది అంకె కాదు. పదహారు మరలున్నప్పుడు ఇరవై ముప్పై ఏళ్ల గతాన్ని దేనికైనా అతికించవచ్చు. ఆ అతుకు వాన గురించి ఎంత చెబుతోందో, మరల సంఖ్య గురించి ఎంత చెబుతోందో విడదీయలేం. 2003లో నమూనా మార్చారు, అంశాల సంఖ్య తగ్గించారు.

అలాగైతే సిద్ధాంతికీ వాతావరణ శాఖకూ తేడా ఏముందన్నది న్యాయమైన ప్రశ్న. మళ్లీ 2009లోనూ తప్పింది: ఏప్రిల్‌లో సగటులో 96 శాతం అన్నారు, కురిసింది 78 శాతం. తేడా తప్పకపోవడంలో లేదు, తప్పును తప్పుగా నమోదు చేసుకోవడంలో ఉంది. అంకె చెప్పారు, అటూ ఇటూ ఎంత పోవచ్చో చెప్పారు, కురిసిన వానను వానమాపకాలతో కొలిచారు, సరిపోకపోతే పద్ధతి మార్చారు. ఎన్ని కుంచాల వాన సముద్రంలో పడిందో కొలిచి, వచ్చే ఏటి పంచాంగంలో గుణింపు సవరించినట్టు ఎక్కడా కనిపించదు. అయితే వాతావరణ శాఖ గెలుపులను కూడా అదే గీటురాయి మీద గియ్యాలి. దేశవ్యాప్త వర్షపాతం ఎక్కువ ఏళ్లు సగటుకు పది శాతం అటూ ఇటూలోనే ఉంటుంది. అంటే ఏ లెక్కా వెయ్యకుండా ఏటా సాధారణం అని చెప్పే మనిషి కూడా చాలాసార్లు నెగ్గుతాడు. ఆ మనిషి కంటే మెరుగ్గా చెప్పినప్పుడే నమూనాకు మార్కులు వెయ్యాలి. పైగా దేశం మొత్తానికి వేసిన అంచనా నిజమైనంత మాత్రాన అది మాచర్ల మండలానికి వేసిన అంచనా కాదు. గ్రహణం లెక్క పరపతి ఆదాయ వ్యయాలకు పాకకూడదన్నప్పుడు, దేశ సగటు లెక్క పరపతి ఒక ఊరి చేనుకు పాకడం కూడా తగదు.

అన్నీ సరిగ్గా చేసినా, సరైన సాక్ష్యం మీద తప్పు సిద్ధాంతం నిలబడిన సందర్భాలు ఉన్నాయి. 1868 గ్రహణంలో సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును వర్ణాలుగా విడగొట్టినప్పుడు ఒక పసుపు గీత కనిపించింది. చూసినవారిలో పలువురు దాన్ని సోడియం గీతే అనుకున్నారు. జ్వాలల గీతలు అంత ప్రకాశంగా ఉన్నాయి కదా, గ్రహణం లేకుండానే చూడవచ్చని జాన్సెన్ గుంటూరులోనే గ్రహించి, మర్నాడే చూశారు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణం లేకుండానే ఆ పసుపు గీతను చూసి, అది సోడియం గీత ఉండాల్సిన చోట లేదని తేల్చారు. భూమి మీద ఎరగని మూలకమేదో సూర్యుడిలో ఉందన్న ఊహ అక్కణ్నుంచి వచ్చింది, దానికి హీలియం అని పేరొచ్చింది. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజంలోంచి వెలువడిన వాయువులో అదే గీత పట్టుకున్నారు. 1868 గ్రహణానికి మరుసటి ఏడాది, అంటే 1869లో, అమెరికాలో పట్టిన గ్రహణంలో సూర్యుడి కరోనాలో ఆకుపచ్చ గీత కనిపించింది. అదే తర్కం: తెలిసిన ఏ మూలకంతోనూ సరిపోవడం లేదు కనుక కొత్త మూలకం ఉండాలి. కరోనియం అని పేరు కూడా పెట్టారు. ఇంకా కనిపెట్టని మూలకాల గుణాలు ముందే చెప్పి, 1875లో గాలియం దొరికినప్పుడు లోకాన్ని ముక్కున వేలేసుకునేలా చేసిన మెండలీవ్ కూడా తన చివరి రోజుల్లో హైడ్రోజన్ కంటే తేలికైన మూలకంగా కరోనియంకు చోటు ఊహించారు. 1940 ప్రాంతంలో గ్రోట్రియన్, ఎడ్లెన్ అనే శాస్త్రవేత్తలు అసలు సంగతి తేల్చారు. అది కొత్త మూలకం కాదు, మనం ఎరిగిన ఇనుమే. పదమూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము.

హీలియం నెగ్గింది గనక ఆ తర్కం గొప్పదనీ, కరోనియం ఓడింది గనక చెడ్డదనీ అనడానికి వీల్లేదు. రెండు చోట్లా ఉన్నది ఒకటే తర్కం. తెలిసిన గీతల పట్టిక పూర్తిగా ఉందన్న అనుమానించని ఆధారం మీద రెండూ నిలిచాయి. నిజానికి ఆ పట్టికలో లోటు ఉంది. పసుపు గీత విషయంలో ఆ లోటు అడ్డు రాలేదు. ఆకుపచ్చ గీత విషయంలో వచ్చింది: పదమూడు ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుము గీతలు ఏ ప్రయోగశాలలోనూ కొలవలేదు. జోస్యం తప్పినప్పుడు సిద్ధాంతంలో ఏ ముక్క తప్పిందో అదే చెప్పదు, ఓపిగ్గా వెతుక్కోవాలి. ఆ వెతుకులాటే ఎవరూ ఊహించని చోటికి తీసుకెళ్లింది. ఇనుము పదమూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవాలంటే కరోనా పది లక్షల డిగ్రీలకు పైగా వేడెక్కి ఉండాలి. దాని కింద ఉన్న సూర్యుడి ఉపరితలమేమో ఆరు వేల డిగ్రీల లోపు. మంట దగ్గర కంటే మంటకు దూరంగా ఎక్కువ వేడి ఎందుకుందో ఇంకా తేలలేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1 మీద బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ తయారుచేసిన కరోనా దుర్భిణీ ఉంది. మద్రాసు నక్షత్రశాల వారసత్వం ఆ సంస్థదే. ఆ దుర్భిణీ చూసే గీతల్లో ఈ ఆకుపచ్చ గీత ఒకటి. అయస్కాంత అలలు శక్తిని పైకి మోసుకుపోతున్నాయన్నది ఒక సిద్ధాంతం, లెక్కలేనన్ని చిన్న చిన్న పేలుళ్లు అక్కడే వేడి పుట్టిస్తున్నాయన్నది మరొకటి. మొదటిదే నిజమైతే గీత లయగా ఊగుతూ, తగినంత శక్తి పైకి పోతున్నట్టు కనిపించాలి. రెండోదే నిజమైతే ఒక్కసారిగా వేడెక్కి చల్లారే చోట్లు తరచుగా పట్టుబడాలి. ఎంత ఊగితే చాలు, ఎన్ని పేలుళ్లయితే చాలు అన్న అంకెల మీద రెండు పక్షాలూ ఇప్పుడు లెక్కలు వేస్తున్నాయి.